షాపుకి వెబ్సైట్ పెట్టిస్తున్నారా? రెండో ఏడాది బిల్లు చూసి ఎంచుకోండి

తణుకులో మా మావయ్యది మోటార్ వైండింగ్ షాపు, పంపుసెట్లు కూడా అమ్ముతాడు. నాలుగేళ్ళ క్రితం ఒక కుర్రాడు షాపుకొచ్చి "4,999 కే వెబ్సైట్ అండి, డొమైన్ ఫ్రీ, హోస్టింగ్ ఫ్రీ, అయిదు పేజీలు" అన్నాడు (డొమైన్ అంటే సైట్ అడ్రస్, హోస్టింగ్ అంటే సైట్ ఫైళ్ళు ఉంచే చోటు), మావయ్య అక్కడికక్కడే ఫోన్ తీసి డబ్బులు కొట్టేశాడు. సైట్ వచ్చింది, బానే ఉంది, విజిటింగ్ కార్డుల మీద అడ్రస్ వేయించుకుని పెళ్ళిళ్ళకెళ్ళినా అవే పంచాడు. ఏడాది తిరిగేసరికి రెన్యూవల్ 8,500 అన్నారు. అదేంటి 4,999 కదా అంటే అది ఆఫర్ రేటండి అన్నారు. పోనీ డొమైన్ మాకిచ్చెయ్యండి, ఇంకెవరితోనైనా చేయించుకుంటాం అంటే అప్పుడు బయటపడింది, డొమైన్ మావయ్య పేరు మీద లేదు, వాళ్ళ పేరు మీదే కొనుక్కున్నారు. ఏడాదిగా ఊరంతా పంచిన అడ్రస్ మావయ్యది కానే కాదన్నమాట.

అప్పట్నించి మా చుట్టాల్లో ఎవరికి వెబ్సైట్ మాట వచ్చినా నాకే ఫోన్ వస్తుంది, నేను అందరికీ ఒకటే చెప్తా. కొటేషన్ లో మొదటి ఏడాది అంకె మీద చెయ్యి అడ్డం పెట్టి మిగతాది చదవండి. రెండో ఏడాది ఎంత, మూడో ఏడాది ఎంత, నచ్చకపోతే నా సామాను నేను సర్దుకుని వెళ్ళిపోవచ్చా. ఈ మూడిటికీ సూటిగా సమాధానం చెప్పని వాడికి అడ్వాన్స్ ఇవ్వకండి.

అసలు ముందు ఆ వెబ్సైట్ తో మీకు ఏం పని అనేది తేల్చుకోవాలి, ఎందుకంటే బడ్జెట్ అంతా దాన్నిబట్టే. మావయ్య షాపు లాంటివి, డెంటల్ క్లినిక్, ఫంక్షన్ హాలు, ట్యూషన్ సెంటర్, వీటికి కావాల్సింది జనం వెతికితే కనపడటం, ఫోన్ చెయ్యటం, అంతే. బొటిక్, క్యాటరింగ్, ఇంటీరియర్ పని చేసేవాళ్ళకి ఫోటోలు చూపించాలి, ఆ తర్వాత బేరం అంతా వాట్సాప్ లోనే నడుస్తుంది. మూడో రకం నిజంగానే ఆన్లైన్ లో అమ్మేవాళ్ళు, కార్ట్, పేమెంట్, కొరియర్ అన్నీ కావాలి. చాలామంది మొదటి రకం వ్యాపారం పెట్టుకుని మూడో రకం సైట్ కి డబ్బు పోస్తున్నారు. కాలిపోయిన మోటారుని కార్ట్ లో వేసుకునే వాడెవడండీ.

మొదటి రకం వాళ్ళకి అసలు ఒక్క రూపాయి పెట్టకుండా అయ్యే దారి గూగుల్ బిజినెస్ ప్రొఫైల్. మ్యాప్ లో షాపు పేరు, ఫోటోలు, టైమింగ్స్, ఫోన్ నంబర్, రివ్యూలు, అన్నీ వస్తాయి. దీనికి గూగుల్ డబ్బు తీసుకోదు, కాబట్టి "మీ లిస్టింగ్ వెరిఫికేషన్ పెండింగ్ లో ఉంది, 2,500 కట్టండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే ఫోన్ పెట్టేయండి. దీంతోపాటు వాట్సాప్ బిజినెస్ యాప్, అదీ ఉచితమే, కేటలాగ్ లో మీ ఐటమ్స్ ఫోటో, రేటుతో పెట్టుకోవచ్చు. ఊళ్ళో వ్యాపారం ఊళ్ళోనే చేసుకునే వాళ్ళకి ఈ రెండూ సరిగ్గా పెట్టుకుంటే చాలావరకు పని అయిపోతుంది. సరిగ్గా అంటే ఆదివారం సెలవైతే సెలవని పెట్టటం, పాత నంబర్ తీసెయ్యటం, రివ్యూకి జవాబివ్వటం, ఇలాంటివి. మరి దీంట్లో ఇబ్బంది లేదా అంటే ఉంది, అది మీ స్థలం కాదు. గూగుల్ ఇదే ప్రొఫైల్ తో పాటు ఒక చిన్న ఫ్రీ వెబ్సైట్ కూడా ఇచ్చేది, 2024 మార్చిలో ఆ సైట్లన్నీ ఆపేసింది. దాని అడ్రస్ నే కార్డుల మీద వేయించుకున్న వాళ్ళ పరిస్థితి మా మావయ్య పరిస్థితే.

అందుకే ఏమీ చేయించకపోయినా డొమైన్ మాత్రం ఒకటి కొని పెట్టుకోండి అంటా నేను. డాట్ ఇన్ అయినా డాట్ కామ్ అయినా ఏడాదికి మామూలు రేటు సుమారు 700 నుంచి 1,500 లోపు ఉంటుంది, ఎక్కడ కొన్నారన్న దాన్నిబట్టి. మొదటి ఏడాది 99, 199 అని కనపడుతుంది, అది ఎర, దాని పక్కనే చిన్న అక్షరాల్లో రెన్యూవల్ రేటు ఉంటుంది, అది మీ అసలు రేటు, పైన 18 శాతం జీఎస్టీ. డాట్ ఇన్ పేర్లన్నీ చూసుకునేది నిక్సీ అనే సంస్థ, మీకు అమ్మేవాళ్ళంతా రిజిస్ట్రార్లు, ఏజెంట్లు అనుకోండి. ఒక ఏజెంటు రేటు పెంచితే ఇంకో ఏజెంటుకి మార్చుకోవచ్చు, డాట్ కామ్ అయితే కొత్తగా కొన్నాక 60 రోజులు ఆగాలి. తెలుగు లిపిలో డాట్ భారత్ అని కూడా ఉంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ కస్టమర్ కి ఫోన్లో చెప్పి టైప్ చేయించటం కష్టం, సరదా ఉంటే రెండోదిగా తీసుకోండి.

డొమైన్ మీ పేరు మీద ఉందో లేదో తెలుసుకోటానికి పెద్ద పరీక్షేం లేదు. రిజిస్ట్రార్ సైట్ లోకి మీ ఈమెయిల్ తో లాగిన్ అవ్వగలరా, ఓటీపీ మీ ఫోన్ కి వస్తుందా. వస్తే మీది, లేకపోతే మీది కాదు. "మన ఆఫీస్ అకౌంట్ లో సేఫ్ గా ఉంది సర్" అనే మాట వినపడితే వెంటనే మీ అకౌంట్ లోకి మార్పించుకోండి. ఇంకోటి, రెన్యూవల్ డేట్ ఫోన్ క్యాలెండర్ లో నెల ముందుకి పెట్టుకోండి, కార్డు ఆటోమేటిక్ గా కట్ అవుతుందిలే అని వదిలెయ్యకండి, 2021 అక్టోబర్ లో రిజర్వ్ బ్యాంక్ కొత్త రూల్స్ అమల్లోకి వచ్చాక ఆటో పేమెంట్లు ఒక్కోసారి ఫెయిల్ అవుతున్నాయి. గడువు దాటిపోయాక కూడా కొన్నాళ్ళు వెనక్కి తీసుకునే వీలుంటుంది, కానీ ఆలస్యం అయ్యేకొద్దీ వెయ్యి రూపాయల దానికి అయిదారు వేలు, ఇంకా పైన కూడా అడుగుతారు.

డొమైన్ ఉంటే చాలు, బ్లాగర్ లోనో గూగుల్ సైట్స్ లోనో (రెండూ గూగుల్ వాళ్ళ ఉచిత సర్వీసులే) ఒక పేజీ చేసి ఆ డొమైన్ తగిలించొచ్చు, హోస్టింగ్ ఖర్చు సున్నా. ముఖ్యంగా బ్లాగర్ ని అందరూ చిన్నచూపు చూస్తారు గానీ పేరు, చేసే పనులు, నాలుగు ఫోటోలు, కాల్ బటన్, మ్యాప్, ఇంతకి దానికేం తక్కువ. డిజైన్ మరీ మామూలుగా ఉంటుంది, అది ఒప్పుకోవాలి. రేపు గూగుల్ దీన్నీ ఆపేసినా పేరు మీ చేతిలో ఉంటుంది కాబట్టి ఇంకో చోటికి తిప్పేసుకుంటారు, కార్డులు మార్చక్కర్లేదు. ఏడాదికి వెయ్యి, పన్నెండొందలతో అయిపోయే పని.

దీనిపైన మెట్టు వర్డ్ ప్రెస్, సైట్ తయారుచేసుకునే సాఫ్ట్ వేర్. అందరూ ఎక్కువగా అడిగేదీ, మోసపోయేదీ ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా చెప్తా. వర్డ్ ప్రెస్ సాఫ్ట్ వేర్ 2003 నుంచి ఉంది, పూర్తిగా ఉచితం, ఎవడైనా "వర్డ్ ప్రెస్ లైసెన్స్ ఫీజు" అని బిల్లులో రాస్తే అక్కడే లేచి వచ్చెయ్యండి. వర్డ్ ప్రెస్ డాట్ కామ్ అని ఒక కంపెనీ సర్వీస్ ఉంది, అది వేరే, దానికి ప్లాన్లు ఉంటాయి, మనం మాట్లాడేది డాట్ ఆర్గ్ లో దొరికే సాఫ్ట్ వేర్ గురించి. అది పెట్టుకోటానికి హోస్టింగ్ కావాలి. హోస్టింగ్ ప్రకటనలో నెలకి 69, 149 అని ఉంటుంది, బుట్టలో వేసి చూస్తే ఆ రేటుకి మూడేళ్ళో నాలుగేళ్ళో ఒకేసారి కట్టాలి, ఆ గడువు అయ్యాక రెన్యూవల్ రెట్టింపో మూడింతలో ఉంటుంది. తప్పేం కాదు, వాళ్ళు రాసే ఉంచుతారు, మనం చదవం.

ఎస్ఎస్ఎల్ అని ఇంకో లైను ఉంటుంది బిల్లులో, బ్రౌజర్ లో అడ్రస్ పక్కన "నాట్ సెక్యూర్" అని రాకుండా ఉండటానికి. లెట్స్ ఎన్క్రిప్ట్ అనే సంస్థ 2015 చివర్నించి దాన్ని అందరికీ ఉచితంగా ఇస్తోంది, మంచి హోస్టింగ్ కంపెనీలన్నీ ఒక క్లిక్ తో పెట్టేస్తాయి. మన స్థాయి షాపు సైట్ కి దానికోసం విడిగా మూడు వేలు కట్టే అవసరం నాకెప్పుడూ కనపడలేదు.

చేసిపెట్టే ఫ్రీలాన్సర్, అంటే కంపెనీ కాకుండా సొంతంగా పనిచేసే మనిషి, అయిదారు పేజీల సైట్ కి 10 వేల నుంచి 25 వేల దాకా అడగటం నేను మన ఊళ్ళలో చూశాను, హైదరాబాద్ లో ఇంకాస్త ఎక్కువ. ఈ మనిషిని ఎంచుకునేటప్పుడు రేటు కంటే ముందు ఒక ప్రశ్న అడగండి, థీము (సైట్ రూపం), ప్లగిన్లు (అదనపు పనులకి తగిలించే చిన్న సాఫ్ట్ వేర్లు) ఎవరి లైసెన్స్ తో వేస్తున్నారు అని. కొంతమంది క్రాక్ చేసిన ప్రీమియం ప్లగిన్లు వేసేస్తారు, వాళ్ళ భాషలో నల్డ్ అంటారు, అప్పటికి 5 వేలు మిగిలినట్టే ఉంటుంది, ఆర్నెల్లకి మీ సైట్ ఓపెన్ చేస్తే ఏ రమ్మీ సైటుకో వెళ్తుంది. ఉచిత ప్లగిన్లతోనే చెయ్యమనండి, చిన్న సైట్ కి అవి సరిపోతాయి. రెండో ప్రశ్న, నెలకోసారి అప్డేట్లు, బ్యాకప్ ఎవరు చూస్తారు. వర్డ్ ప్రెస్ ని పెట్టేసి మర్చిపోతే హ్యాక్ అవుతుంది, ఇది భయపెట్టటానికి చెప్పట్లేదు, మోటార్ కి గ్రీజు పెట్టకపోతే బేరింగ్ పోయినట్టే. మెయింటెనెన్స్ కి ఏడాదికి 3, 4 వేలు మాట్లాడుకుంటే ఇద్దరికీ మంచిది, లేదంటే ఇంట్లో ఉన్న ఇంజనీరింగ్ పిల్లాడికి నేర్పించండి.

నెలవారీ అద్దె పద్ధతి ఇంకోటి, విక్స్, షాపిఫై లాంటివి. ఈమధ్య ఏఐతో అయిదు నిమిషాల్లో సైట్ అని కూడా వస్తున్నాయి, అవీ చివరికి నెల అద్దె దగ్గరికే వస్తాయి. సుఖం ఏంటంటే అప్డేట్లు, సెక్యూరిటీ, హోస్టింగ్ ఏదీ మన తలనొప్పి కాదు, మొబైల్ లో కూర్చుని రేటు మార్చేసుకోవచ్చు. కష్టం ఏంటంటే అద్దె ఆపిన రోజు షాపు మూతే, డిజైన్ పట్టుకెళ్ళటానికి ఉండదు, ఐటమ్స్ లిస్టు మాత్రం ఎక్స్ పోర్ట్ చేసుకోవచ్చు. షాపిఫై బేసిక్ ప్లాన్ నెలనెలా కడితే రెండు వేల దగ్గర పడుతుంది, ఏడాదికి ఒకేసారి కడితే తగ్గుతుంది. దీంతోపాటు ఒకటి గుర్తుపెట్టుకోండి, షాపిఫై సొంత పేమెంట్ సర్వీస్ ఇండియాలో లేదు, బయటి గేట్ వే, అంటే కస్టమర్ ఆన్లైన్ లో కట్టిన డబ్బు తీసుకుని మన ఖాతాకి పంపే కంపెనీ, పెట్టుకోవాలి, అలా పెట్టుకున్నందుకు బేసిక్ ప్లాన్ లో ప్రతి అమ్మకం మీద షాపిఫై 2 శాతం తీసుకుంటుంది, ఆ గేట్ వే వాడి ఫీజు మళ్ళీ వేరే.

ఇది లెక్క వేస్తే గానీ అర్థం కాదు. మా ఫ్రెండ్ వాళ్ళ అక్క ఆత్రేయపురం దగ్గర పూతరేకులు చేయించి అమ్ముతుంది, ఆత్రేయపురం పూతరేకులకి 2023 లో జీఐ ట్యాగ్ (ఆ ఊరి సరుకు అనే ప్రభుత్వ గుర్తింపు) వచ్చాక ఆర్డర్లు ఇంకా పెరుగుతాయని ఆన్లైన్ షాపు పెట్టేద్దాం అంది. నెలకి 60 ఆర్డర్లు, ఒక్కోటి 700 అనుకుంటే 42 వేలు. షాపిఫై అయితే అద్దె 2,000, వాళ్ళ 2 శాతం 840, గేట్ వే ఫీజు మామూలుగా 2 శాతం దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే 2.36 శాతం, 991 రూపాయలు. మొత్తం 3,831, వంద రూపాయల అమ్మకంలో తొమ్మిది రూపాయలు అక్కడే పోయాయి. వర్డ్ ప్రెస్ లో వూకామర్స్ అనే ఆన్లైన్ షాపు ప్లగిన్ పెట్టుకుంటే అది ఉచితం, సైట్ ఖర్చు నెలకి సర్ది 1,100 అనుకుంటే గేట్ వేతో కలిపి 2,091, వందకి అయిదు. వాట్సాప్ కేటలాగ్, క్యూఆర్ కోడ్ అయితే దాదాపు సున్నా. రోజుకి రెండు ఆర్డర్లకి కార్ట్ ఎందుకక్కా, రెండు మెసేజ్ లకి జవాబివ్వలేమా అన్నా. రోజుకి ఏడెనిమిది దాటి, రాత్రి పదకొండింటికి కూడా "అక్కా నా పార్సిల్ ఎక్కడ" అని మెసేజ్ లు వస్తుంటే అప్పుడు కార్ట్ కి మారొచ్చు. అమ్మకం బాగా పెరిగితే నెల అద్దె సర్దుకుపోతుంది కానీ శాతాలు మాత్రం అమ్మకంతో పాటే పెరుగుతాయి, అందుకే మార్జిన్ తక్కువ ఉన్న సరుకు వాళ్ళు శాతం లేని దారి వైపు, టైమ్ దొరకని వాళ్ళు అద్దె దారి వైపు వెళ్ళటం మంచిది. యూపీఐ మీద ఎండీఆర్, అంటే పేమెంట్ తీసుకున్నందుకు షాపువాళ్ళు కట్టే ఫీజు, 2020 జనవరి నుంచి సున్నా, కానీ గేట్ వే వాళ్ళు ప్లాట్ ఫామ్ ఫీజు అని ఇంకో పేరుతో వేస్తుంటారు, సంతకం పెట్టేముందు యూపీఐకి ఎంత, కార్డుకి ఎంత విడివిడిగా అడగండి.

అక్క విషయంలో ఇంకో చిక్కు కూడా వచ్చింది, ఇది మన రెండు రాష్ట్రాల వాళ్ళు అందరూ చూసుకోవాల్సింది. ఆవిడ జీఎస్టీ కాంపోజిషన్ లో, అంటే చిన్న వ్యాపారులు అమ్మకం మీద తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతిలో ఉంది. కాంపోజిషన్ లో ఉన్నవాళ్ళు వేరే రాష్ట్రానికి సరుకు అమ్మకూడదు. ఆవిడ ఆర్డర్లలో సగం పైన హైదరాబాద్ వే, మనకి హైదరాబాద్ అంటే ఇంకా మన ఊరే అన్నట్టు ఉంటుంది గానీ 2014 జూన్ 2 నుంచి అది వేరే రాష్ట్రం. వెబ్సైట్ పెట్టి దేశమంతా డెలివరీ అని రాసుకునే ముందు ఒకసారి ఆడిటర్ దగ్గర కూర్చోండి, ఆయన ఫీజు కూడా బడ్జెట్ లో వేసుకోండి. ఇంకో సంగతి, రెగ్యులర్ జీఎస్టీలో ఉంటే వెబ్సైట్ బిల్లు మీద కట్టిన 18 శాతం క్రెడిట్ గా వస్తుంది, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గుతుంది, బిల్లు మీద మీ జీఎస్టీ నంబర్ ఉండాలి. కాంపోజిషన్ వాళ్ళకి రాదు, అంటే అదే కొటేషన్ మీకు నిజంగానే 18 శాతం ఎక్కువ. జీఎస్టీ వసూలు చేసి తన జీఎస్టీ నంబర్ చూపించని వాడి సంగతి ఇక చెప్పక్కర్లేదు.

ఏజెన్సీలు, సొంతంగా కోడ్ రాయించటం, ఇవి 50 వేల నుంచి మొదలై లక్షల్లోకి వెళ్తాయి. స్కూలు ఫీజులు, హాస్పిటల్ అపాయింట్ మెంట్లు, పది బ్రాంచీల స్టాక్, ఇలాంటి అవసరం ఉంటే తప్ప అటు వెళ్ళకండి. వెళ్తే మాత్రం సోర్స్ కోడ్, అంటే మీ సైట్ కోసం రాసిన ప్రోగ్రామ్ అంతా, మీదేనని కాగితం మీద రాయించుకోండి.

మూడేళ్ళకి ఎంత అవుతుందో నేను వేసుకునే లెక్క ఇలా ఉంటుంది. డొమైన్, బ్లాగర్ అయితే 3,500 లోపు. వర్డ్ ప్రెస్ అయితే డొమైన్ 3,000, హోస్టింగ్ నెలకి 250 చొప్పున మూడేళ్ళకి 9,000 దాని మీద జీఎస్టీ 1,620, డిజైన్ 18,000, చివరి రెండేళ్ళు మెయింటెనెన్స్ 8,000, మొత్తం 40 వేలకి కాస్త తక్కువ, అంటే పైన చెప్పిన నెలకి 1,100. షాపిఫై నెలకి రెండు వేల చొప్పున 72,000, శాతాలు కలపకుండా. మావయ్య ప్యాకేజీ 4,999 తో మొదలై రెండు రెన్యూవల్స్ తో దాదాపు 22 వేలు, చివరికి చేతిలో డొమైన్ కూడా లేదు. చూశారా, చవగ్గా కనపడింది బ్లాగర్ దారికి ఆరింతల పైన తేలింది.

వీటిల్లో ఎవరూ కొటేషన్ లో రాయని ఖర్చులు రెండున్నాయి, ఫోటోలు, రాత. బడ్జెట్ 15 వేలు ఉంటే 12 డిజైన్ కి ఇచ్చి 3 ఫోటోలకి ఉంచుకోండి, లేదంటే ఉదయం పూట కిటికీ పక్కన తెల్ల చార్ట్ వేసి మీ ఫోన్ తోనే తియ్యండి. నెట్ లో దొరికిన కోటు వేసుకున్న విదేశీయుల ఫోటోలు మాత్రం పెట్టకండి, తణుకు షాపులో వాళ్ళెందుకుంటారు.

రాత సంగతి ఇంకా విచిత్రం. మీ కరపత్రాలు, ఫ్లెక్సీలు వేసిన డీటీపీ వాళ్ళ దగ్గర మీ మేటరంతా తెలుగులో రెడీగా ఉంటుంది కదా, కాపీ చేసి సైట్ లో పెట్టేద్దాం అనుకుంటారు. అది అను ఫాంట్స్ లో ఉంటుంది, ఫోన్లు, సైట్లు అన్నిటికీ అర్థమయ్యే యూనికోడ్ పద్ధతిలో కాదు, సైట్ లో పెడితే పిచ్చి గీతలు వస్తాయి. కన్వర్టర్లు ఉన్నాయి, కానీ ఒత్తులు, పొల్లులు అక్కడక్కడా తేడా కొడతాయి, కాబట్టి కూర్చుని సరిచూడాలి, లేదా ఫోన్లో గూగుల్ వాయిస్ టైపింగ్ తో మళ్ళీ చెప్పేసుకోవాలి. కొంతమంది డిజైనర్లు ఈ గొడవంతా ఎందుకని తెలుగు మేటర్ ని ఫోటోగా పెట్టేస్తారు, చూడ్డానికి బాగుంటుంది, గూగుల్ సెర్చ్ కి మాత్రం అక్షరంగా దొరకదు. మామూలు టెక్స్ట్ గానే పెట్టించండి, మండలి, ఎన్టీఆర్, రామభద్ర లాంటి మంచి తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్ లో ఉచితంగా ఉన్నాయి.

ఎస్ఈవో (గూగుల్ లో వెతికితే మీ సైట్ పైన కనపడేలా చేసే పని) అని నెలకి 5 వేలు, "గూగుల్ ఫస్ట్ ప్లేస్ గ్యారంటీ" అని వచ్చేవాళ్ళు ఉంటారు. మొదటి స్థానం గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరని గూగులే రాసిపెట్టింది. ఆ 5 వేలతో వచ్చిన కస్టమర్ కి చెప్పి రివ్యూ రాయించుకోటానికి షాపులో కౌంటర్ మీద క్యూఆర్ బోర్డు పెట్టించుకుంటే ఇంకా 4,800 మిగుల్తాయి.

డబ్బు ఒకేసారి ఇవ్వకండి. సగం కన్నా తక్కువ అడ్వాన్స్, డిజైన్ చూశాక కొంత, చివరి వాయిదా మాత్రం డొమైన్ లాగిన్, హోస్టింగ్ లాగిన్, సైట్ అడ్మిన్ పాస్ వర్డ్, ఒక బ్యాకప్ ఫైల్ మీ చేతికొచ్చి, మీరు స్వయంగా లాగిన్ అయి చూసుకున్నాకే. మొహమాటం పడకండి, స్థలం కొంటే దస్తావేజులు చూసుకోకుండా డబ్బులిస్తామా.

మావయ్యకి చివరికి కొత్త డొమైన్ కొన్నాం, ఆయన ఈమెయిల్ తో, ఆయన ఫోన్ నంబర్ తో. బ్లాగర్ లో ఒకటే పేజీ, ఏ హెచ్పీ మోటార్ కి వైండింగ్ ఎంత, ఎన్ని రోజులు పడుతుంది, పొలం దగ్గరికి వచ్చి మోటార్ తీసుకెళ్ళే చార్జీ ఎంత, అంతే. ఏడాదికి పదకొండొందల లోపు అవుతోంది. వేసవిలో ఫోన్లు ఎక్కువ గూగుల్ మ్యాప్ నుంచే వస్తున్నాయి, సైట్ చూసి రేటు ముందే తెలుసుకుని వచ్చే వాళ్ళు కూడా కొంతమంది ఉన్నారు, బేరం తగ్గిందని మావయ్యకి అదొక ఆనందం. పాత విజిటింగ్ కార్డులు ఇంకా మూడొందల దాకా మిగిలున్నాయి, పారెయ్యటానికి మనసొప్పక ప్రతి కార్డు మీదా పాత అడ్రస్ పెన్నుతో కొట్టేసి పక్కన కొత్తది రాసి ఇస్తున్నాడు.